గురుపీఠానికి వన్నె తెచ్చిన వేంకటరత్నం

విద్య నేర్చినవారందరూ విద్య నేర్పగలవారు కారు. తనకు తెలిసిన విషయాన్ని ఎదుటివారి మనస్సుకు పట్టేటట్లు బోధించడం ఒక కళ. ఆ కళకు పాండిత్యం పునాది, శిక్షణ గోడ, శీలం పైకప్పు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఉపాధ్యాయత్వమనే భవనం నిలువదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఆంగ్ల భాషాబోధనను వృత్తిగా స్వీకరించి, ఈ మూడింటినీ సమపాళ్లలో సమకూర్చుకొన్న మహనీయుడు సర్ రఘుపతి వేంకటరత్నం నాయుడు. ఆంధ్రదేశం ఆయనను బ్రహ్మర్షి అని గౌరవించింది. ఆయన పేరు పక్కన ఎం.ఏ., ఎల్.టి. అనే రెండు పట్టాలు కనిపిస్తాయి. మొదటిది ఏమి బోధించాలో నేర్పింది. రెండవది ఎలా బోధించాలో నేర్పింది. ఎందుకు బోధించాలనే ప్రశ్నకు మాత్రం పట్టాలలో సమాధానం దొరకదు. దానిని ఆయన గురువుల సాన్నిధ్యంలోను, తన జీవితంలోను అన్వేషించారు.

వేంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్య నాయుడు సైన్యంలో సుబేదారు. తల్లి శేషమ్మ. సైనికోద్యోగి కుటుంబానికి ఒక ఊరు స్థిరమైన నివాసం కాదు. తండ్రి పనిచేసిన చోటికల్లా కుటుంబమూ తరలిపోయేది. అందువల్ల బాలుని చదువు తెలుగు నేలకు దూరంగా ప్రారంభమయింది. తెలుగు ఇంటి భాష కాగా, హిందీ, ఉర్దూ, పారశీక భాషలు ఆయనకు చిన్ననాడే పరిచయమయ్యాయి. ఒక భాష నుండి మరొక భాషలోనికి ప్రవేశించేటప్పుడు నాలుక ఎక్కడ తడబడుతుందో, మనస్సు ఎక్కడ సంకోచిస్తుందో బాల్యంలోనే ఆయనకు అనుభవంలోనికి వచ్చింది. పరభాషను బోధింపబోయే వానికి ఇంతకంటె మంచి తొలిపాఠం ఉండదు.

కొంతకాలానికి తండ్రికి హైదరాబాదుకు బదిలీ అయింది. వేంకటరత్నం ఉన్నత పాఠశాల విద్య ఈ నగరంలోనే సాగింది. ఆనాటి హైదరాబాదు అనేక భాషల సంగమస్థానం. ప్రజల ఇండ్లలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ వినిపించేవి. రాజ్య వ్యవహారాలలో పారశీకం ప్రాబల్యం తగ్గి, దాని స్థానంలోనికి ఉర్దూ వస్తున్న కాలమది. వీటన్నిటి నడుమ ఆంగ్లం కొత్త విద్యకు ద్వారంగా నిలిచింది. ఇక్కడి కళాశాలా విద్యకు సైతం మద్రాసు విశ్వవిద్యాలయమే ఆధారం. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల కూడా ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే చాలాకాలం పనిచేసింది. పై చదువులు కోరిన విద్యార్థి మద్రాసు వైపు చూడక తప్పేది కాదు. వేంకటరత్నం కూడా ఆ దారినే నడిచి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

ఆ కాలంలో ఆంగ్ల విద్యకు ఉన్న స్థానాన్ని ఇక్కడ తెలుసుకోవడం అవసరం. 1835లో ప్రభుత్వం ఆంగ్ల విద్యను ప్రోత్సహించాలని నిర్ణయించింది. 1854లో వెలువడిన వుడ్ విద్యా ప్రణాళిక విశ్వవిద్యాలయాల స్థాపనతో పాటు ఉపాధ్యాయులకు ప్రత్యేక శిక్షణ అవసరమని సూచించింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. మెట్రిక్యులేషన్ మొదలు పట్టపరీక్షల వరకు ఆంగ్లమే ప్రధానం. గణితంలోనో చరిత్రలోనో ఎంత ప్రజ్ఞ ఉన్నా ఆంగ్లంలో తప్పిన విద్యార్థికి ముందుకు దారి లేదు. గ్రామాల నుండి వచ్చిన ఎందరో బాలురు ఆ గడప వద్దనే ఆగిపోయేవారు. అట్టి స్థితిలో ఆంగ్లోపాధ్యాయుడు కేవలం ఒక విషయాన్ని బోధించే వ్యక్తి కాడు. విద్యార్థి భవిష్యత్తు తాళపుచెవి ఆయన చేతిలో ఉండేది.

మద్రాసు క్రైస్తవ కళాశాల వేంకటరత్నం జీవితానికి మలుపు. ఆ కళాశాలను తీర్చిదిద్దిన విలియం మిల్లర్ స్కాట్లండు దేశీయుడు. 1862లో, అంటే వేంకటరత్నం పుట్టిన సంవత్సరంలోనే ఆయన మద్రాసుకు వచ్చారు. సొంత ధనాన్ని కూడా కళాశాలాభివృద్ధికి వెచ్చించారు. మిల్లర్ దృష్టిలో సాహిత్యం పరీక్షకోసం కంఠస్థం చేయదగిన పదసముదాయం కాదు, మానవ ప్రవృత్తిని చూపే అద్దం. షేక్‌స్పియర్ రచించిన లియర్, మాక్‌బెత్, హామ్లెట్, ఒథెల్లో నాటకాలపై ఆయన తరువాతి కాలంలో గ్రంథాలు రచించారు. దురాశ మనిషిని ఎట్లా పతనం చేస్తుందో, సంకోచం బ్రతుకును ఎట్లా వ్యర్థం చేస్తుందో ఆ నాటకాలలో చూపడం ఆయన బోధనారీతి. గురుశిష్య సంబంధం తరగతి గది గోడలు దాటి విస్తరించాలని ఆయన నమ్మకం.

ఈ గురువు ప్రభావం వేంకటరత్నంపై గాఢంగా పడింది. ఆయన క్రైస్తవ కళాశాలలో చదివినా క్రైస్తవ మతం స్వీకరించలేదు. బ్రహ్మసమాజ సిద్ధాంతాలు ఆయనను ఆకర్షించాయి. కాని గురువు ఎట్లా ఉండాలనే విషయంలో మాత్రం మిల్లర్‌నే ఆదర్శంగా పెట్టుకొన్నారు. గురువు నుండి స్వీకరింపదగిన దానిని స్వీకరించి, తన అంతరాత్మకు సమ్మతమైన మార్గంలో తాను నడవడం ఉత్తమ శిష్యుని లక్షణం. వేంకటరత్నం అట్టి శిష్యుడు. బి.ఏ. ముగించి, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పొందారు.

ఆంగ్లంలో ఎం.ఏ. పట్టం పొందిన యువకుని ముందు ఆనాడు అనేక మార్గాలు ఉండేవి. న్యాయశాస్త్రం చదివి వకీలు కావచ్చు. రెవెన్యూ శాఖలో ప్రవేశించి క్రమంగా పై పదవులు అందుకోవచ్చు. వాటిలో ధనముంది, అధికారముంది, సంఘంలో గౌరవముంది. బడిపంతులు వృత్తికి అంత ఆకర్షణ లేదు. వేరే ఉద్యోగం దొరికేవరకు తాత్కాలికంగా బోధనలో ఉండి, అవకాశం రాగానే విడిచిపోయిన పట్టభద్రులు ఆ రోజులలో తక్కువ కాదు. వేంకటరత్నం నిర్ణయం వేరు. బోధన ఆయనకు దారిలో తగిలిన మజిలీ కాదు, గమ్యస్థానం. ఎం.ఏ.తో తృప్తి చెందక ఎల్.టి. పట్టం కూడా సాధించడమే అందుకు నిదర్శనం.

ఎల్.టి. అనేది బోధనాశాస్త్రంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టం. నేటి బి.ఎడ్.కు అది పూర్వరూపం. పట్టభద్రుడైనవాడు మాత్రమే దానికి అర్హుడు. మద్రాసులో 1856లో నార్మల్ స్కూలుగా మొదలై, తరువాత సైదాపేటలో స్థిరపడిన ఉపాధ్యాయ కళాశాల ఈ శిక్షణకు ప్రసిద్ధి పొందింది. ఎల్.టి. పరీక్షలో రెండు భాగాలుండేవి. విద్యా సిద్ధాంతాలు, బోధనా పద్ధతులు, పాఠశాల నిర్వహణ వంటి అంశాలపై వ్రాతపరీక్ష మొదటిది. పరీక్షకుల ఎదుట నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపడం రెండవది. గ్రంథాలెన్ని చదివినా ఈ రెండవ గట్టు ఎక్కనివానికి పట్టం లేదు. పాఠాన్ని ముందుగా విభజించుకోవడం, తెలిసిన విషయం నుండి తెలియని విషయానికి నడిపించడం, తరగతిలో అందరినీ ఆలోచింపజేసే ప్రశ్నలు వేయడం, నల్లబల్లను పొదుపుగా వాడుకోవడం ఇట్టి శిక్షణలో ముఖ్యాంశాలు.

పరభాషను బోధించేవానికి ఈ శిక్షణ మరింత అవసరం. మాతృభాషను బిడ్డ విని నేర్చుకొంటాడు. ఆంగ్లం వినిపించని ఇంటినుండి వచ్చిన బాలునికి ఆ అవకాశం లేదు. అతనికి తరగతి గదియే ఆంగ్లం వినగల ఏకైక స్థలం. ఉపాధ్యాయుని ఉచ్చారణయే అతనికి ప్రమాణం. ఉపాధ్యాయుడు వ్యాకరణ సూత్రాలను వల్లె వేయించి, ప్రతివాక్యానికీ తెలుగు అర్థం చెప్పి ఊరుకొంటే విద్యార్థి పరీక్షలో గట్టెక్కవచ్చునేమో కాని భాష పట్టుబడదు. అట్లని మాతృభాష సాయం బొత్తిగా నిరాకరిస్తే వెనుకబడిన విద్యార్థి మరింత బెదరిపోతాడు. ఈ రెండు అంచుల నడుమ నడవడమే ఆంగ్లోపాధ్యాయుని నేర్పు.

ఆనాడు గొప్ప విద్వాంసులు కూడా ఈ శిక్షణను చిన్నచూపు చూడలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోనే చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910 ప్రాంతంలో సైదాపేటలో ఎల్.టి. శిక్షణ పొందారు. అప్పటికే ఆయన తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. పట్టభద్రులు. కాలక్రమాన ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు. ఆయన జన్మదినాన్ని దేశం ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటున్నది. ఎంత పాండిత్యమున్నా బోధనావిధానాన్ని వినయంతో నేర్చుకోవాలన్న సత్యానికి వేంకటరత్నం, రాధాకృష్ణన్ ఇద్దరూ తార్కాణాలు.

వేంకటరత్నం మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా పనిచేశారు. అనంతరం జన్మస్థలమైన మచిలీపట్నానికి వచ్చి నోబుల్ కళాశాలలో ఆంగ్లం బోధించారు. రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల అప్పటికి కళాశాలగా ఎదిగింది. వేంకటరత్నం ఆంగ్ల వాగ్ధోరణికి విద్యార్థులు ముగ్ధులయ్యేవారు. అంతకు మించి ఆయన నడవడి వారిని ఆకట్టుకొన్నది. ఆ కాలపు విద్యార్థులలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు వంటివారు ఆయన ప్రభావానికి లోనయ్యారు. వారిలో ఒకరు జాతీయ కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. మరొకరు కృష్ణాపత్రిక సంపాదకులుగా తెలుగు పత్రికారంగానికి వన్నె తెచ్చారు. ఆంగ్ల పాఠం విన్న శిష్యులు తెలుగువారి జాతీయ చైతన్యానికి చుక్కానులు కావడం గమనింపదగిన విషయం.

ఇంతలో ఆయన వ్యక్తిగత జీవితంలో పెద్ద దుఃఖం సంభవించింది. యౌవనంలోనే భార్య మరణించింది. పురుషుడు వెంటనే మరల వివాహమాడటం ఆ రోజులలో సర్వసాధారణం. వితంతువైన స్త్రీ పునర్వివాహాన్ని మాత్రం సంఘం ఆమోదించేది కాదు. స్త్రీకి ఒక నీతి, పురుషునికి ఒక నీతి అనే పక్షపాతాన్ని నిరసించే వేంకటరత్నం తిరిగి వివాహం చేసుకోలేదు. శ్వేతవస్త్రాలు ధరించి నిరాడంబరంగా జీవించారు. శుభకార్యాలలో భోగం మేళాలు పెట్టించడం ఆనాటి సంపన్న గృహాలలో గొప్పతనంగా చెలామణి అయ్యేది. ఆ ఆచారాన్ని ఆయన తీవ్రంగా వ్యతిరేకించి సాంఘిక పవిత్రతోద్యమాన్ని నడిపారు. తాను ఆచరించని దానిని బోధించకపోవడం ఆయన వ్రతం. అందుకే ఆయన మాట శిష్యులకు శిరోధార్యమయింది.

1899లో వేంకటరత్నం సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలకు ప్రధానాచార్యులుగా వచ్చారు. ఈ సంస్థ సోమసుందరం మొదలియారు చొరవతో 1862లో ఆంగ్ల, దేశభాషా పాఠశాలగా మొదలయింది. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరును ధరించింది. అమెరికా ప్రయాణానికి ముందు స్వామి వివేకానంద 1893 ఫిబ్రవరి 13న ఉపన్యసించినది ఇక్కడే. సికింద్రాబాదు సైనిక స్థావరం. తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ మాట్లాడే కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చొనే ఊరు. పలు భాషల నడుమ పెరిగిన సుబేదారు కుమారునికి ఈ వాతావరణం కొత్తది కాదు. తాను బాల్యంలో చదువుకొన్న నగరానికి గురువుగా తిరిగి వచ్చి, 1904 వరకు ఆ సంస్థకు సారథ్యం వహించారు. విషయబోధకుడు విద్యాసంస్థ నిర్వాహకుడుగా పరిణతి చెందింది ఈ అయిదేళ్లలోనే.

అక్కడి నుండి ఆయన కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు ప్రధానాచార్యులుగా వెళ్లారు. 1919లో విరమించేవరకు ఆ పదవిలో కొనసాగారు. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరు ఆయన ఆశయాలకు అండగా నిలిచారు. గురువు సంకల్పం, ప్రభువు ఔదార్యం కలిసి ఆ కళాశాలకు కొత్త రూపమిచ్చాయి. అంతవరకు యువకులకే పరిమితమైన తరగతులలో యువతులకు స్థానం లభించింది. అస్పృశ్యులని సమాజం వెలివేసిన కులాల విద్యార్థులకు చదువుకొనే అవకాశం, తలదాచుకొనే వసతిగృహం ఏర్పడ్డాయి. అనాథ బాలబాలికలకు శరణాలయం వెలిసింది.

ఈ చర్యల విలువను ఆనాటి పరిస్థితులను బట్టి అంచనా వేయాలి. స్త్రీలు అక్షరాలు నేర్వడమే అపచారమని భావించినవారు సంఘంలో బలంగా ఉన్న కాలమది. కులభేదం బావి దగ్గర, గుడి దగ్గర, బడి దగ్గర కూడా గీత గీసి నిలిచింది. అట్టి కాలంలో అన్ని కులాల బిడ్డలు, స్త్రీ పురుషులు ఒక కళాశాలలో చదవాలని నిర్ణయించిన ప్రధానాచార్యుడు తన పేరును, పదవిని, కళాశాల భవిష్యత్తును కూడా పణంగా పెట్టినట్లే. మానవులందరూ ఒకే దైవానికి బిడ్డలని నమ్మిన వేంకటరత్నం ఆ నమ్మకాన్ని ప్రార్థన మందిరంలోనే ఉంచక తరగతి గదిలోనికి తెచ్చారు. ఆంగ్లమనే తాళపుచెవి కొద్దిమంది చేతిలోనే ఉండరాదన్నది ఆయన కార్యాచరణ చాటిన సందేశం.

ఆయన తన జీతంలో అధికభాగాన్ని పేద విద్యార్థుల పోషణకు, అనాథల సంరక్షణకు వెచ్చించేవారు. ఫీజు కట్టలేని విద్యార్థికి ఆయన ఇల్లు ఆశ్రయం. కాకినాడలో ఆయన శిష్యవర్గం, అభిమానవర్గం విస్తరించింది. గుడిపాటి వెంకటచలం ఆ కళాశాలలో చదువుకొనే రోజులలో ఆయన ప్రభావంతోనే బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులయ్యారు. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయనను గురుతుల్యులుగా ఆరాధించారు. ఒకే గురువు వెలుగు నుండి భిన్న మార్గాలలో నడిచిన ఇందరు ప్రతిభావంతులు దీప్తి పొందారు. శిష్యులను తనకు ప్రతిబింబాలుగా మార్చక, ఎవరి వెలుగుతో వారు ప్రకాశించేటట్లు చేయడం ఉత్తమ గురువు లక్షణం.

ప్రభుత్వం ఆయన సేవలను గుర్తించి 1924లో సర్ బిరుదుతో సత్కరించింది. 1925లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. ఏ విశ్వవిద్యాలయం నుండి విద్యార్థిగా పట్టాలు పొందారో, ఆ విశ్వవిద్యాలయానికే అధిపతి స్థానాన్ని అలంకరించి 1928 వరకు సేవలందించారు. అంతకు ముందు అదే పీఠాన్ని ఆయన గురువు మిల్లర్ కూడా అధిష్ఠించి ఉండటం విశేషం. పదవులు వచ్చినా ఆయన వేషంలో కాని, జీవన విధానంలో కాని మార్పు రాలేదు. 1939 మే 26వ తేదీన వేంకటరత్నం నాయుడు కన్నుమూశారు.

వేంకటరత్నం విద్యార్థిగాను, ప్రధానాచార్యులుగాను గడిపిన ఈ జంట నగరాలు అనంతర కాలంలో ఆంగ్లబోధనకు ముఖ్యకేంద్రాలయ్యాయి. 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంగ్లాన్ని నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచింది. 1958లో ఆంగ్లోపాధ్యాయుల శిక్షణ, ఆంగ్లబోధనలో పరిశోధన లక్ష్యాలుగా కేంద్రీయ ఆంగ్ల సంస్థ హైదరాబాదులో వెలిసింది. అదే ఎదిగి 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమయింది. బోడుప్పల్ నుండి ఉప్పల్, హబ్సిగూడల మీదుగా తార్నాక చేరిన విద్యార్థికి ఈ రెండు విద్యాలయాలూ కూతవేటు దూరంలోనే కనిపిస్తాయి. ఒకనాడు ఆంగ్లోపాధ్యాయుడు కాగోరిన యువకుడు నూర్ల మైళ్లు ప్రయాణించి మద్రాసు చేరవలసి వచ్చింది. నేడు నాచారంలోనో బోడుప్పల్‌లోనో నివసించే యువతి ఇంటినుండి సిటీ బస్సులో వెళ్లి ఆ విద్యను అభ్యసించవచ్చు.

దూరం తగ్గింది కాని బాధ్యత తగ్గలేదు. ఇంటర్మీడియట్ తరువాత ఆంగ్ల సాహిత్యం ఒక అంశంగా డిగ్రీ చదివి, బి.ఎడ్.లో ఆంగ్లబోధనా పద్ధతిని అభ్యసించి, పాఠశాలలలో బోధనాభ్యాసం పూర్తిచేయడం ఉన్నత పాఠశాల ఆంగ్లోపాధ్యాయ పదవికి సాధారణ మార్గం. ఆంగ్లం వినిపించని ఇండ్లనుండి వచ్చే బాలబాలికలు నేటికీ మన తరగతులలో ఉన్నారు. వారి బెదురు తీర్చగల ఉపాధ్యాయుని కోసం వారు నేటికీ ఎదురు చూస్తున్నారు. పాఠం రానివాణ్ని మందబుద్ధి అని వెనుక బల్లకు నెట్టడం సులభం. అతని ఇంటి భాషను గౌరవించి, చేయిపట్టి కొత్త భాషలోనికి నడిపించడం కష్టం. ఆ కష్టాన్ని ఇష్టంగా స్వీకరించినవాడే గురువు.

కళాశాల పట్టం ఇస్తుంది. శిక్షణ నేర్పునిస్తుంది. వాటికి ప్రాణం పోయవలసింది ఉపాధ్యాయుని జీవితం. ఎం.ఏ., ఎల్.టి. పట్టాలను సంపాదనకు సాధనాలుగా మాత్రమే చూడక, వెలివేయబడినవారికి తలుపులు తెరిచే తాళపుచెవులుగా వినియోగించిన వేంకటరత్నం నాయుడు జీవితం ఉపాధ్యాయ వృత్తిని కోరుకొనే ప్రతి విద్యార్థికీ మార్గదర్శకం.

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.

1. వేంకటరత్నం బాల్యం ఆయన భాషాధ్యాపకత్వానికి ఎట్లా తోడ్పడింది?
2. ఎల్.టి. పరీక్షలోని రెండు భాగాలను గూర్చి తెలపండి.
3. విలియం మిల్లర్ బోధనా విధానాన్ని వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. పాండిత్యం, శిక్షణ, శీలం ఉపాధ్యాయునికి ఎందుకు అవసరమో వేంకటరత్నం జీవితం ఆధారంగా చర్చించండి.
2. పిఠాపురం రాజా కళాశాల ప్రధానాచార్యులుగా వేంకటరత్నం తెచ్చిన మార్పులను, ఆనాటి సాంఘిక పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించండి.